హాఫ్ ఇయర్లీ అయిపోయింది, 6-7-8 క్లాసుల పిల్లలు ఇప్పుడు అసలేం చదువుతున్నారు? (బెంగళూరు, సీబీఎస్ఈ)

బెల్లందూరు_నాన్న

అందరికీ నమస్కారం. మావాడు ఏడో క్లాసు, సీబీఎస్ఈ, సర్జాపూర్ రోడ్ వైపు స్కూలు. హాఫ్ ఇయర్లీ మార్కులొచ్చాయి, గొప్పగానూ లేవు మరీ తీసిపారేసేలానూ లేవు. దసరాకి విజయవాడ వెళ్తే మా బావమరిది కూతురు, అదీ ఏడో క్లాసే, ఐఐటీ ఫౌండేషన్ అని ఇంత లావు మెటీరియల్ ముందేసుకుని కూర్చుంది, సెలవల్లో కూడా. పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే ఇంటికొస్తుందంట. "మీవాడు లెక్కల్లో ఎక్కడిదాకా వచ్చాడు బావా" అని అడిగితే నేను ఫోన్లో పీడీఎఫ్ తీసి చూపించా, మొదటి పాఠమే చింతామణి ఊళ్లో ఈశ్వరప్ప అని ఒక రైతు, మన దేశంలో ఒకప్పుడు లక్ష రకాల వడ్లు ఉండేవంట, రోజుకో రకం వండుకు తింటే ఒక జన్మలో అన్నీ తినగలమా అని ప్రశ్న. ఇది లెక్కల పుస్తకమా తెలుగు వాచకమా అని మావాళ్లంతా ఒకటే నవ్వు.

నేను అనకాపల్లి దగ్గర తెలుగు మీడియం, ఎక్కాలు, క.సా.గు, గ.సా.భా, బారువడ్డీ, ఇలా చదువుకున్నవాణ్ణి. ఈ కొత్త పుస్తకాలు చూస్తే బొమ్మలు బావున్నాయి, కథలు బావున్నాయి, లెక్కలెక్కడున్నాయో వెతుక్కోవాల్సొస్తోంది. సైన్సు కూడా అంతే, ప్రతి పేజీలో ఏదో ఒకటి చేసి చూడమంటాడు. సోషల్ అయితే నేను చదివిన వరస అసలు లేదు. పైగా కన్నడ ఒకటి, నాకు ఆటో వాళ్లతో మాట్లాడేంత వచ్చు, చదవడం రాదు.

నా ప్రశ్న సింపుల్. మీ పిల్లలు 6, 7, 8లో ఉంటే ఈ టర్మ్‌లో నిజంగా ఏం నేర్చుకుంటున్నారు? ఇది చాలా, లేక ఇప్పుడే ఎక్కడైనా పడెయ్యాలా? మా ఆవిడ వద్దంటోంది, మా బావమరిది ఫోన్ల మీద ఫోన్లు.

లెక్కల_మేడం

సార్, నేను ఇక్కడే ఒక సీబీఎస్ఈ స్కూల్లో 6 నుంచి 8 దాకా మ్యాథ్స్ చెప్తాను, సొంతూరు నెల్లూరు. పీటీఎంలో, అంటే పేరెంట్-టీచర్ మీటింగ్‌లో, ప్రతి తెలుగు పేరెంటూ ఇదే అడుగుతారు, కొంచెం పెద్దగానే రాస్తా ఓపికుంటే చదవండి.

ముందు ఆ వడ్ల లెక్క. మీ బంధువులు నవ్వారు గానీ ఎవరన్నా చేశారా? ఏడాదికి 365, నూరేళ్లు బతికినా 36,500. లక్ష రకాలు తినాలంటే దగ్గరదగ్గర 274 ఏళ్లు కావాలి. నేను క్లాసులో అడిగితే సగం మంది "ఓ, తినెయ్యొచ్చు మేడం" అన్నారు, లక్షంటే వాళ్లకి ఫోన్ రేటు అంతే. ఒకమ్మాయి లేచి లీపు సంవత్సరాలు కలపలేదు మేడం అంది. కలుపు చూద్దాం అన్నా, నూరేళ్లకి ఓ పాతిక రోజులు పెరుగుతాయి, 36,500 ముందు అదెంత. ఏది కలిపితే జవాబు మారుతుంది ఏది కలిపినా మారదు, ఇది తెలియడం లెక్కే సార్, పెద్ద లెక్క. పేజీ నిండా కూడికలుంటేనే లెక్కల పుస్తకం అనుకునే అలవాటు మనది.

పుస్తకాల సంగతి చెప్పాలంటే 2024లో ఆరో క్లాసుకి కొత్తవి వచ్చాయి, 2025లో ఏడు, ఎనిమిది మారాయి. లెక్కలది గణిత ప్రకాశ్, సైన్సుది క్యూరియాసిటీ. ఏడులో పార్ట్ 1 అంటే పెద్ద సంఖ్యలు, బ్రాకెట్లతో ఎక్స్‌ప్రెషన్స్, డెసిమల్స్, తర్వాత అక్షరాలతో ఎక్స్‌ప్రెషన్స్ అంటే మన బీజగణితానికి మొదటి మెట్టు, కాగితం మడతపెట్టి సమాంతర రేఖలు, త్రిభుజాలు, ఫ్రాక్షన్ల గుణకారం భాగహారం. దసరా తర్వాత మేం ఎత్తుకునేది పార్ట్ 2, అందులో ఇంటీజర్స్ గుణకారం, మీరన్న క.సా.గు గ.సా.భా, డేటాలో సగటు, ఆఖర్న ఈక్వేషన్లు. మీ మేనకోడలు ఇప్పుడు చేస్తోందన్నవి చాలావరకు ఇవే అయ్యుంటాయి, మీవాడికి జనవరి ఫిబ్రవరిలో వస్తాయి. కొంపలేం మునగవు.

ఇంకొకటి చెప్పి ఆపుతా. పార్ట్ 1లోనే నంబర్ ప్లే అని ఒక చాప్టర్, అందులో విరహాంకుడి సంఖ్యలు ఉన్నాయి. 1, 2, 3, 5, 8, 13 అలా పోతుంది, మన కాలేజీలో ఫిబొనాచి అని చెప్పిందే. ఆయన 1202లో పుస్తకం రాస్తే ఈ విరహాంకుడు దాదాపు 500 ఏళ్లు ముందే ఛందస్సు కోసం ఈ లెక్క వేశాడు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు, మరి 4 మాత్రలు ఎన్ని రకాలుగా నింపొచ్చు? నేను లఘువుకి ఒక చప్పట, గురువుకి బల్ల మీద ఒక దెబ్బ వేసి కాసేపు ఆగడం, ఇలా చేయించా, పక్క క్లాసు టీచర్ వచ్చి తలుపు మూసెళ్లింది. తెలుగు చదువుకున్న పేరెంట్స్ ఇది ఇంట్లో నాకంటే బాగా చెప్పగలరు, ఒక్కరూ చెప్పరు.

హిందూపురం_మామ

మేడం, ఆ ఆఖరి మాట నాకు తగిలింది కాబట్టి రాస్తాండా 🙂 మాది హిందూపురం, యలహంకలో ఉంటాము, నా కూతురు కూడా ఏడే.

అన్నా, బెల్లందూరన్నా, నువ్వు తెలుగు మీడియం అంటివి కదా, మరి నీకు కందపద్యం వచ్చుండాల. మేడం అడిగిన 4 మాత్రలకి 5 రకాలు వస్తాయి, గ అంటే గురువు, ల అంటే లఘువు. గగ, గలల, లగల, లలగ, లలలల. ఇంతే, ఆరోది లేదు. ఇప్పుడు కందానికి మనకి బళ్లో చెప్పిన గణాలు గుర్తు చేసుకో. గగ, భ, జ, స, నల. భ అంటే గలల, జ అంటే లగల, స అంటే లలగ, నల అంటే నాలుగూ లఘువులే. అవీ ఇవీ ఒకటే అన్నా! నేను చిన్నప్పుడు ఈ ఐదే ఎందుకు అని అడిగితే మా అయ్యవారు నియమం అంతే అనేసినాడు. నియమం కాదు, నాలుగు మాత్రల్తో ఇంక ఏది రాసినా పుట్టదు, అందుకని ఐదు. ఇది నా కూతురి లెక్కల పుస్తకం చూసినాక కదా నాకు తెలిసింది.

దాన్ని కూర్చోబెట్టుకొని సుమతీ శతకంలోది "అక్కరకు రాని చుట్టము" చెప్పించినా. దానికి తెలుగు చదవను రాదు, వింటాది, మాట్లాడతాది, అంతే. కాగితం మీద అక్షరం అక్షరం విడగొట్టినాము. అక్కర, గలల. కురాని, లగల. చుట్టము, గలల. మూడు నాలుగులు పన్నెండు. ఒత్తు ముందరి అక్షరం గురువు అవుతాదని చెప్పినాక "క్క"కి ముందు "అ" కింద గీత కొట్టి, "చు" కింద తనే కొట్టింది. రెండో పాదానికి ఐదు గణాలు ఉండాల కదా, అది కూడా తనే లెక్క వేసి సరిపోయింది అనింది. తెలుగు నేర్పాలని ఎన్నేండ్లనుంచో అనుకుంటాండా, లెక్కల పుస్తకం పుణ్యాన ఈ పాటి అయింది.

కన్నడ గురించి కూడా భయపడొద్దు. వాళ్లకీ కందపద్యం ఉండాది, అవే గణాలు, అదే లఘువు గురువు. లిపి కూడా మనదీ వాళ్లదీ ఒక తల్లి బిడ్డలే, తలకట్లు చూసుకుంటే చాలు, నువ్వు బస్సుల మీద బోర్డులు చదువుతా పో, నెలలో వచ్చేస్తాది. నేను అట్లనే నేర్చుకుంటి.

సోషల్లో వరస లేదు అంటివి. మావాళ్లకి జనపదాలు, మౌర్యులు అయిపోయి శాతవాహనులు కూడా అయినారు. శాతవాహనుల నాణేల మీద ఓడ బొమ్మ ఉంటాది, అంటే ఆ కాలంలోనే సముద్రం మీద వ్యాపారం చేసినారని. గౌతమీపుత్ర శాతకర్ణి పేరులో ముందర అమ్మ పేరు ఎందుకుందో నా కూతురు నాకు చెప్పింది, గౌతమీ బాలశ్రీ కొడుకు కాబట్టి. "మరి నా ఇంటిపేరు అమ్మది ఎందుకు పెట్టలేదు" అని అడిగింది. దానికి ఆ పుస్తకంలో జవాబు లేదు, నా దగ్గరా లేదు.

కేఆర్‌పురం_కోడర్

అందరూ భలే రాశారు, చప్పట్లు. కానీ అన్నా, నేను కొంచెం అడ్డం మాట్లాడతా, ఏమనుకోవద్దు.

నేను ఆరో క్లాసు నుంచి ఫౌండేషన్ బ్యాచ్‌లో నలిగినోణ్ణే. అందులో వంద లోపాలున్నాయి, హాస్టల్ సాంబారు దగ్గర్నుంచి మొదలుపెట్టొచ్చు. కానీ చెయ్యి తిరగడం అని ఒకటుంటది. మా అక్క కొడుకు కూడా ఏడే, ఇదే పుస్తకం, ఫ్రాక్షన్ భాగహారం ఎందుకు తిరగేసి గుణిస్తామో బొమ్మ గీసి మస్తు చెప్తాడు, సరే మూడుంపావుని ఒకటిన్నరతో భాగించరా అంటే పది నిమిషాలు. ఐడియా వచ్చింది, చెయ్యి రాలేదు. పుస్తకంలో ఒక్కో రకానికి నాలుగైదు లెక్కలుంటయ్, అవి స్కూల్లోనే అయిపోతయ్, మరి ఇంట్లో ఏం చెయ్యాలి? మేడం చెప్పిన చప్పట్లు బాగున్నయి గానీ పరీక్షలో చప్పట్లు కొట్టనియ్యరు కదా.

నేను చెప్పేది పిల్లోణ్ణి తీసుకుపోయి ఎక్కడో పడెయ్యమని కాదు. పాత ఎన్సీఈఆర్టీ ఏడో క్లాసు పుస్తకం, దాని ఎగ్జెంప్లర్ అంటే అదనపు లెక్కల పుస్తకం, ఎవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల వాళ్ల దగ్గర దొరుకుతయ్ చాలా తక్కువకి. చాప్టర్ కొత్తదాంట్లో చదువు, లెక్కలు పాతదాంట్లో చెయ్. ఫ్రాక్షన్లు, డెసిమల్స్, ఇంటీజర్లు, ఈ మూడిట్లో చెయ్యి తిరిగితే ఎనిమిదిలో ఏదొచ్చినా ఆగడు. రోజూ పది, ఆదివారం సెలవు.

లెక్కల_మేడం

కేఆర్ పురం బాబూ, పది లెక్కల మాటకి నేనూ ఓటేస్తా, క్లాసులో నలభై మందిని పెట్టుకుని అందరి చెయ్యీ తిప్పడం నా వల్ల కావట్లేదు. కాకపోతే మూడుంపావుని ఒకటిన్నరతో భాగిస్తే రెండు పైచిలుకు వస్తుందని మీ అక్క కొడుకు ముందే అన్నాడా లేదా, అది కనుక్కోండి. అన్నాడంటే వాడి మీద నాకు బెంగ లేదు. జవాబు రెండు, దాని మీద ఇంకో ఆరోవంతు.

హెచ్ఎస్ఆర్_అమ్మ

మాది ఆరు. క్విక్‌గా రాస్తా, ఆఫీస్ క్యాబ్‌లో ఉన్నా.

లెక్కల్లో మావాడికి పిచ్చి పట్టించింది కాప్రేకర్ మ్యాజిక్ నంబర్. ఈ కాప్రేకర్ గారు దేవళాలీలో స్కూల్ టీచరంట, 1949లో కనిపెట్టారు. నాలుగంకెల నంబర్ ఏదైనా తీసుకో, అన్నీ ఒకే అంకె కాకుండా ఉంటే చాలు, అంకెల్ని పెద్దవి ముందు పెట్టి రాసిన నంబర్లోంచి చిన్నవి ముందు పెట్టి రాసింది తీసెయ్, వచ్చిందాన్ని మళ్లీ అలాగే చెయ్. సిల్క్ బోర్డు దగ్గర జామ్‌లో ముందున్న కారు నంబర్ 3524. 5432 లోంచి 2345 పోతే 3087. 8730 లోంచి 378 పోతే 8352. 8532 లోంచి 2358 పోతే 6174. అక్కడికొచ్చాక ఇంక కదలదు, మళ్లీ చేసినా 6174యే. ఏ నంబరైనా ఏడు సార్ల లోపలే అక్కడికి చేరుతుంది. సిల్క్ బోర్డు సిగ్నల్ పడేలోపు నాలుగు కార్లు అయిపోతాయి, తీసివేతలు ప్రాక్టీసు కావాలన్న కోడర్ గారూ, ఇదిగోండి.

నెగటివ్ నంబర్లు లిఫ్ట్ బిల్డింగ్‌తో చెప్పారు, గ్రౌండ్ ఫ్లోర్ సున్నా, కింద బేస్‌మెంట్లు మైనస్. ఇక్కడి పిల్లలకి అది వేరే చెప్పక్కర్లేదు, పార్కింగ్ బీ3లో కదా పెరిగారు.

సైన్సులో తిండి చాప్టర్ వచ్చాక ఇంట్లో అన్నం మీద, ఆలుగడ్డ మీద అయోడిన్ చుక్కలు. నల్లగా నీలంగా మారితే స్టార్చ్ ఉన్నట్టు. పనీర్ మీద వేస్తే మారింది, ఆ బ్రాండ్ మళ్లీ కొనలేదు. రాగిలో కాల్షియం ఎక్కువ అని చదివొచ్చి రాగి ముద్ద అడుగుతున్నాడు, చేసిపెడితే మాత్రం తినడు.

స్కూలు బ్యాగ్ లేని రోజులు కూడా ఉన్నాయి, 6 నుంచి 8 వాళ్లకి పది రోజులు అలా ఉండాలని ఎన్ఈపీ (జాతీయ విద్యా విధానం) 2020లోనే ఉంది. వాళ్లని కస్తూర్బా రోడ్డు విశ్వేశ్వరయ్య మ్యూజియంకి తీసుకెళ్లారు. కౌశల్ బోధ్ అని చేతిపనుల పుస్తకం వేరే, అందులో మొక్కలు, జంతువులతో ఒకటి, యంత్రాలు, వస్తువులతో ఒకటి, మనుషులకి సేవ ఒకటి, ఏడాదికి మూడు ప్రాజెక్టులు. మావాడి మొక్కల ప్రాజెక్టు బాల్కనీలో మెంతికూర. నీళ్లు మాత్రం నేనే పోస్తున్నా.

వైట్‌ఫీల్డ్_అమ్మమ్మ

నేను ఫోన్లో మాట్లాడితే అదే రాస్తోంది కాబట్టి తప్పులుంటే సర్దుకోండి నాయనా. మాది తెనాలి, కూతురూ అల్లుడూ ఉద్యోగాలకి వెళ్తారు, ఎనిమిదో క్లాసు మనవరాల్ని చూసుకోడానికి ఇక్కడికొచ్చా.

దాని సైన్సు పుస్తకంలో ఆకాశం చూసి కాలం లెక్కపెట్టడం అని ఒక పాఠం ఉంది, ఇంకా చెప్పలేదంట, బొమ్మలు చూసి ముందే నా దగ్గరికి తెచ్చింది, అమ్మమ్మా నీ పంచాంగం ఇదేగా అని. చంద్రుడి నెలలు పన్నెండు కలిపితే 354 రోజులు, సూర్యుడి ఏడాది 365, ఏటా పదకొండు రోజులు వెనకబడతాం, అవి పోగై నెల కాగానే అధిక మాసం వేస్తారు. నాకు అధిక మాసంలో పెళ్లిళ్లు చెయ్యకూడదనే తెలుసు గానీ ఎందుకొస్తుందో దానితో కూర్చున్నాకే లెక్క కట్టా. విజయదశమి 2024లో అక్టోబర్ 12న, 2025లో అక్టోబర్ 2న, 2026లో అధిక జ్యేష్ఠం వస్తుంది కాబట్టి మళ్లీ అక్టోబర్ 20కి పోతుంది. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి కాబట్టి అలా కదలదు. మా మనవరాలు గోడ మీద క్యాలెండర్ పక్కన ఈ మూడు తేదీలూ రాసుకుంది, దాని తేదీ పుట్టినరోజూ తిథి పుట్టినరోజూ మళ్లీ ఎప్పుడు కలుస్తాయో చూస్తోంది, పందొమ్మిదేళ్లకోసారి దగ్గరికొస్తాయి తల్లీ అన్నా, ఇంకా చాలా ఏళ్లుందే అని ఏడుపుమొహం పెట్టింది.

లెక్కల్లో దానిదీ ఒకటుంది, సెంటీమీటర్లో వెయ్యోవంతు మందం కాగితాన్ని 46 సార్లు మడిస్తే ఏడు లక్షల కిలోమీటర్లు దాటుతుందట, చంద్రుడు ఉన్నదే 3 లక్షల 84 వేల దూరంలో. 45 మడతలకి చాలదు, 46కి దాటిపోతుంది. నేను నమ్మలేదు. పాలవాడి లెక్కల నోటుబుక్కులో రెండింతలు రెండింతలు వేసుకుంటూ పోయా, నిజమే.

ఇంకో మాట, ఏడో క్లాసు వాళ్లకి ఆసిడ్లూ బేసులూ ఉన్నాయిగా. పసుపు మరక పడ్డ చొక్కాకి సబ్బు పెడితే ఎర్రగా అవుతుంది, మనం చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు. మందారం రసంలో సబ్బునీళ్లు పోస్తే ఆకుపచ్చ వస్తుంది, నిమ్మరసం పోస్తే ముదురు గులాబీ. పక్కింటి పిల్లాడు ఏడు, వాడికి చేసి చూపిస్తే మా అపార్ట్‌మెంట్ పిల్లలంతా మా కుండీలోని పూలన్నీ కోసేశారు, పూజకి ఒక్కటీ మిగల్లేదు.

బెల్లందూరు_నాన్న

ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్సండి. అమ్మమ్మగారికి ప్రత్యేకంగా.

కోడర్ తమ్ముడూ, పాత పుస్తకం ఐడియా బావుంది, ఈ శనివారం ఎవెన్యూ రోడ్ వెళ్తాం. ఫౌండేషన్ సంగతి ఎనిమిది అయ్యాక చూద్దాం అని మా బావమరిదికి చెప్పేశా, వాడు ఫ్యామిలీ గ్రూపులో దణ్ణం పెట్టే ఎమోజీ పెట్టాడు.

హిందూపురం అన్నా, నిన్న రాత్రి మావాడూ నేనూ లఘువు గురువు పట్టుకుని కూర్చున్నాం. 5 మాత్రలకి 8 వచ్చాయి, కరెక్టే. 6 మాత్రలకి 13 రావాలి అంటాడు వాడు, రాస్తుంటే 12 దగ్గర ఆగింది, పదమూడోది దొరకట్లేదు. గగగ రాశాం, అన్నీ లఘువులు రాశాం. మేడం ఏమన్నా క్లూ ఇస్తారా, జవాబు చెప్పకండి, వాడు ఊరుకోడు.

లెక్కల_మేడం

గురువులు ఎన్నున్నాయో దాన్నిబట్టి గుంపులు చెయ్యమనండి. మూడు గురువులుంటే ఒకటే. ఒక్క గురువుంటే ఐదు. గురువే లేనిది ఒకటి. రెండు గురువులు రెండు లఘువులు ఉన్న గుంపులో ఆరుండాలి, అక్కడే ఐదు రాసుంటారు. మా క్లాసులో కూడా అందరికీ అక్కడే పోయింది. లఘువుతో మొదలై లఘువుతో అయిపోయేది రాశాడేమో చూడమనండి.

హిందూపురం_మామ

మేడం, జవాబు చెప్పొద్దని అన్న అడిగితే సగం చెప్పేస్తిరి కదా 😄